ఎడమ జేబులో ఫ్యూజులు

నిన్న ఉదయం ఏడూ ఇరవైకి మా వంటింట్లో ఫ్యాను బాగుచేయడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. హాల్లో బోర్డు మీద కరెంటు ఆపే బ్రేకరు కిందికి దించి, వెళ్ళి స్టూలెక్కాడు. అతను దిగేదాకా నేను ఆ బోర్డు ముందు నుంచి కదల్లేదు. "ఏంటి సార్, కాపలా కాస్తున్నారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా పెదనాన్న పోయి అప్పటికి నెల దాటింది.

పెదనాన్న గుంటూరు అవతల పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్. నేను కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు రెండో ఏడాదిలో ఉండగా మా మిరపచేను తెగులుతో పోయింది. చదువు మానేస్తానన్నాను. పెదనాన్న వెళ్ళి, మిల్లు యజమానిని ఒప్పించి, నన్ను జీతం మీద తన పక్కన పెట్టించాడు. తెల్లవారి ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మిల్లు, తర్వాత కాలేజీ. జుట్టులో దూది పూర్తిగా పోయేది కాదు. "ఏరా తాతా, మనవళ్ళు బాగున్నారా?" అనేవాళ్ళు క్లాసులో. పాఠంలో బొమ్మగా గీసే మోటర్లు నాకు చప్పుడుగా ముందే తెలుసు. ఆ రోజు చెప్పిన పాఠాన్ని మర్నాడు నాచేత చెప్పించుకుని, "ఓహో, దాన్ని మీరు అలా అంటారా" అనేవాడు పెదనాన్న.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. మోటరు మీద చెయ్యి వేసే ముందు దానికి కరెంటు రాకుండా మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా ఎడమ జేబులో వేసుకునేవాడు. "ఎవడు మోటరు ముట్టుకుంటే వాడి జేబులోనే ఉండాలి. వాడొచ్చి పెడితేనే మళ్ళీ తిరగాలి," అనేవాడు. అందుకోసం జేబులు లోతుగా కుట్టించుకునేవాడు. ఆదివారం చర్చికి కూడా ఆ చొక్కాలే. ఎడమవైపు జేబు సాగి ఉండేది.

మూడో ఏడాది మెషీన్స్ ల్యాబు పరీక్ష రోజు పొద్దున, "ఇవాళ నువ్వే తియ్యి," అన్నాడు. మొదటిసారి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, మోటరు కనెక్షన్లు బిగించాను. ఈలోగా బస్సు టైమైంది. గేటు చుట్టూ తిరిగితే ఆలస్యమని వెనక గోడ దూకి పరిగెత్తాను.

పదకొండింటికి, పరీక్ష సగంలో, చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే చల్లగా పింగాణీ తగిలింది. కిటికీలోంచి చూస్తే సైకిలు పట్టుకుని పెదనాన్న. చొక్కా అంతా చెమటకి తడిసిపోయింది. నేను బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. అయినా ఒక అడుగు వేశాను. ఆయన అరచెయ్యి చూపించాడు, ఆగమన్నట్టు. ఇంకాసేపు నన్నే చూశాడు. తర్వాత సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మిల్లులో ఏం జరిగిందో పెద్దమ్మ తర్వాత చెప్పింది. బోర్డులో ఫ్యూజులు లేవు, నేను గేటు దాటలేదని వాచ్‌మన్ అన్నాడట. పెదనాన్న మోటర్ల వెనక, పత్తి కుప్పల్లో, అంతటా వెతికాడట. యజమాని, "స్టోర్లో వేరే ఫ్యూజులున్నాయి కదయ్యా, పెట్టి తిప్పు," అని కేకలేశాడట. "వాడు ఎక్కడున్నాడో కళ్ళతో చూడాలండి. చూసొచ్చి పెడతా," అని మిల్లు ఆపేసి, సైకిలెక్కాడట. "రేపట్నుంచి వాణ్ణి తీసుకురావద్దు," అని తిరిగొచ్చాక యజమాని అంటే, "అయితే నేనూ రానండి," అన్నాడట. నా చదువు పూర్తయ్యేదాకా ఆ పని నాకుంది.

ఆ సాయంత్రం ఫ్యూజులు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని తుడిచి పక్కన పెట్టి, "పరీక్షలో మోటరు తిప్పావా?" అన్నాడు.

"తిప్పాను పెదనాన్నా."

"ఫ్యూజులు ఎవరి దగ్గరున్నాయి?"

"ల్యాబు అటెండరు దగ్గర."

"నీ దగ్గరుండాలిరా," అన్నాడు, అది నిజంగా బాధపడాల్సిన విషయమైనట్టు.

పోయిన నెల పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఆ చొక్కాల్లోనే ఒకటి వేశారు. ఎడమ జేబు ఖాళీగానే ఉంది, కానీ ఎప్పటిలాగే కిందికి సాగి ఉంది. ఇన్నేళ్ళూ నేను పెద్ద పెద్ద మోటర్ల మధ్యే బతికాను. నేను ఎక్కడున్నానో కళ్ళతో చూడ్డానికి మళ్ళీ ఎవరూ రాలేదు. ఇప్పుడు మిల్లుల్లో బ్రేకర్లున్నాయి. ఫ్యూజులు జేబులో వేసుకుని ఎవరూ పనికి దిగరు.