పెద్ద బస్సు దిగి చిన్న వ్యాన్ ఎక్కిన గ్లెనిస్

గ్లెనిస్ చేత జుట్టు కత్తిరించుకుంటే నెల గడిచినా నిన్న కత్తిరించినట్టే ఉంటుంది. నమ్మకపోతే నా నెత్తి చూడండి. ఇల్లూ వాకిలీ అమ్ముకుని బళ్ళలో కాపురాలు చేసే మా ముసలి మందలో ఆవిడ కత్తెర కింద తల వంచనివాళ్ళు తక్కువ. డబ్బు పుచ్చుకోదు. నిమ్మకాయలిస్తే సరే, పట్టిన చేప ఒకటిస్తే ఇంకా సరే, ఎవరి మీదైనా కబురు చెబితే మరీ సంతోషం. ఆ కబురు మాత్రం ఆవిడ నోటి నుంచి బయటికి పోదు. అందుకే ఆవిడ గురించి నేను చెప్పాల్సి వస్తోంది. నా నోరు అలాంటిది కాదు.

ఆవిడ మొగుడు లైల్. ఆస్ట్రేలియాలో విక్టోరియా గోధుమ పొలాల్లో జీవితమంతా ధాన్యం లారీ తోలినవాడు. పని మానేశాక ఇద్దరూ కలిసి బస్సంత మోటార్‌హోమ్ కొనుక్కున్నారు. దాంట్లో మంచం, బట్టలుతికే మిషను, గ్లెనిస్ పనికి నిలువుటద్దం, తిరిగే కుర్చీ, అన్నీ ఉండేవి. తోలడం లైల్ పని. మజిలీలో దాన్ని వెనక్కి పెట్టేటప్పుడు వెనకాల నిలబడి చేతులూపడం గ్లెనిస్ పని. మాలో ఎవరు బండి వెనక్కి పెడుతున్నా మిగతావాళ్ళం కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటాం. మాకదే సినిమా. మొగుడూ పెళ్ళాలు అక్కడ తిట్టుకున్నంతగా ఇంకెక్కడా తిట్టుకోరు. వీళ్ళు మాత్రం ఒక్కసారీ తిట్టుకోలేదు. మాకు అదో వెలితి.

అలాంటివాళ్ళకు దిష్టి తగిలినట్టు లైల్ కళ్ళు పాడయ్యాయి. చూపంతా పోలేదు. చుట్టూ కనిపిస్తుంది, సూటిగా చూసిన చోట మాత్రం మసక. మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇక బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. గ్లెనిస్ దగ్గరున్నది మామూలు కారు లైసెన్సు. దాంతో ఆ బస్సు తోలకూడదు.

ఏదో ఊళ్ళో రెండు గదుల ఇల్లు చూసుకుని కూలబడదామన్నాడు లైల్. కూలబడితే ఇద్దరం లేవలేమంది గ్లెనిస్. నెలల తరబడి వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పెద్దది అమ్మేసి, ఆవిడ తోలగల చిన్న వ్యాన్ కొనాలి. దాంతో చెట్టూ చేమా లేని నల్లార్‌బోర్ మైదానం ఒక్కసారి పడమటికి దాటి చూడాలి. అవతలి కొసకు చేరాక ఇక తిరగడం వద్దని లైల్ అంటే వద్దే. వ్యాన్ అమ్మేసి ఇల్లు కొనుక్కోవాలి. మరి మాట్లాడకూడదు. లైల్ వద్దంటాడని మా అందరికీ తెలుసు. గ్లెనిస్‌కీ తెలుసు. ఆ దారి పూర్తయ్యేలోగా ఆయన మనసు మారాలి, అంతే ఆవిడ ఆశ.

మైదానానికి ఇవతలి కొసనున్న సెడూనాలో, సముద్రం పక్కన, పెద్ద బస్సులోని సామాను పంచిపెట్టింది. మడత బల్లలు వరసగా వేసి పరిచేసి, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మంది. నేను సూపు కాచే పెద్ద గిన్నె తెచ్చుకున్నాను. నిలువుటద్దం ఎవరో ఎత్తుకుపోతుంటే గ్లెనిస్ నవ్వుతూనే సాయం పట్టింది. లైల్ మాత్రం సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. టీ ఇస్తే తాగకుండా చల్లారనిచ్చాడు. ఆయన్ని చూస్తే నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. పోయింది కళ్ళు కదా, నోరు కూడా పోయినట్టు ఆ మౌనమేమిటి?

ఆ వ్యాన్ ఎంత చిన్నదంటే, ఒకరు చొక్కా తొడుక్కోవాలంటే రెండోవాళ్ళు కిందికి దిగాలి. ముందు రెండు సీట్లు, వాటి వెనక ఒక తెర, తెర వెనక ఇంకో సీటు, మంచం, పొయ్యి. లైల్ ముందు సీటులో కూర్చోనన్నాడు. తానూ ఇప్పుడు సామానేనని, సామానుకు సామాను దగ్గరే చోటని, వెనక సీటులో బెల్టు బిగించుకుని తెర లాగేసుకున్నాడు. సెడూనా నుంచి అలాగే వచ్చారు. ఆవిడ ముందు, ఆయన వెనక, మధ్యలో గుడ్డ. మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా?

నేనూ పడమటికే పోతున్నాను. నా కారు టైరు పగిలి, మైదానం మధ్యలో ఒక మజిలీ దగ్గర కొత్త టైరు కోసం పడి ఉన్నాను. పెట్రోలు, టీ, నాలుగు గదులు, ఈగలు, అంతే అక్కడ. పొద్దున్నే గ్లెనిస్ వ్యాన్ వచ్చి ఆగింది. పెట్రోలు పోయించుకుని, డబ్బు కట్టి, కిటికీలోంచి నాకు చెయ్యూపి వెళ్ళిపోయింది. నేనూ ఊపాను. రొట్టె మీద వెన్న రాసుకుంటున్నానో లేదో, గోడ తడుముకుంటూ మరుగుదొడ్డి వైపు నుంచి లైల్ వచ్చాడు.

వెన్న కత్తి బల్ల మీద పడేసి లేచాను.

ఏం జరిగిందంటే, ఆవిడ డబ్బు కట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు ఈయన పక్క తలుపులోంచి దిగాడు. ఈగలు దూరతాయని మేమందరం చేసినట్టే తలుపు మూసేశాడు. ఆవిడ వచ్చింది. తెర వేసే ఉంది. పోదామా అంటే జవాబు లేదు. జవాబు లేకపోవడం రోజూ ఉన్నదే. మాలో ఇలా పెళ్ళాన్నో మొగుణ్ణో వదిలేసి పోయినవాళ్ళు లేకపోలేదు, వెనక పడుకున్నారనుకుని. ఆ కథలు చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతుంటాం. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు, లైల్ ముఖం చూశాక.

ఆయన ఫోను వ్యాన్‌లోనే ఉంది. ఉన్నా ఆ మైదానంలో సిగ్నలు ఎక్కడిది? పడమటికి పోయే బండి ఏదైనా ఆపి ఎక్కిస్తానన్నాను. వద్దన్నాడు. బల్ల ముందు కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"నేను సామాన్నని అన్నాను కదా నోరీన్. సామాను దించేసి పోయింది," అన్నాడు.

"నోటికి ఎంత మాటొస్తే అంత మాటే? మర్చిపోయిందయ్యా. తిరిగొస్తుంది."

"వస్తే మంచిదే. రాకపోయినా తప్పు పట్టను. తనకేం, హాయిగా తోలుకుపోతోంది. నేనే అడ్డం."

ఆయన అది ఉడుకుమోత్తనంతో అనలేదు. నిజంగానే అనుకుంటున్నాడు. అది తెలిశాక, తిట్టబోయినదాన్ని టీ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

అక్కడ గ్లెనిస్ ఏం చేస్తోందో ఆవిడే తర్వాత నాకు చెప్పింది. తెరతో మాట్లాడుతోంది. ముందు వాతావరణం, తర్వాత పెట్రోలు ధర. అంతలో మూడు పెట్టెలు తగిలించిన లారీ ఒకటి ఎదురొచ్చి, దాని గాలికి వ్యాన్ ఊగిపోయింది. అప్పుడు ఆవిడ మనసులో ఉన్నదంతా బయటికొచ్చింది. సెడూనా నుంచి కడుపులో దాచుకున్నదీ, మాకెవరికీ చెప్పనిదీ మొత్తం ఆ తెరకు చెప్పేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అటు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతా చెబితే ఒక్క మాటైనా అనవా, నువ్వు మనిషివా బండరాయివా అని బండి పక్కకు తీసి, తెర లాగింది. ఖాళీ సీటు. వేలాడుతున్న బెల్టు.

ముందు, దారిలో పడిపోయాడనుకుందట. తర్వాత మజిలీ గుర్తొచ్చింది. వెనక్కి తిరగాలి. ఇక్కడ చూడండి ఆవిడ చేసిన పని. ఆ రోడ్డు మీద పెద్ద బస్సు తిప్పడానికి చోటుండదు. ఎక్కడో లారీలు ఆగే ఖాళీ స్థలం వచ్చేదాకా ముందుకే పోవాలి. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఏడుస్తూ ఆ చోటు కోసం వెతుక్కుంటూ ఇంకా పడమటికే పోయింది పిచ్చితల్లి. మొగుడికి దూరంగా, ఇంకా దూరంగా. తాను తోలుతున్నది చిన్న వ్యాన్ అని చాలాసేపటికి స్ఫురించింది. అటూ ఇటూ చూసి, ఉన్నచోటే తిప్పేసింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి మజిలీ ముందు ఆగింది. దిగిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. లైల్ చప్పుడు విని లేచి నిలబడ్డాడు.

"దించేసి పోయావనుకున్నా," అన్నాడు.

"వెనకే ఉన్నావనుకున్నా. దారంతా నీతో మాట్లాడుతూనే ఉన్నా."

"ఏమన్నావు?"

"ఒకసారి చెప్పిందే చాలు. మళ్ళీ చెప్పలేను."

"నేను వినలేదుగా, గ్లెన్."

ఆవిడ నా వైపు చూసింది. మర్యాద తెలిసిన మనిషైతే అక్కణ్ణించి లేచిపోవాలి. నేను లేవలేదు. ఆవిడ కాసేపు చేతులు నలుపుకుంది.

"నాకు భయమేస్తోంది లైల్. లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ ఒళ్ళు చచ్చుబడిపోతోంది. నీకు చెబితే ఆపేద్దామంటావని చెప్పలేదు. నువ్వేమో గుడ్డ చాటున కూచున్నావు."

లైల్ ఆవిడ ముఖం చూడాలని తల కాస్త పక్కకు తిప్పాడు. సూటిగా చూస్తే కనబడదు కదా.

"నీకు భయమా? నేను లేకపోతేనే నీకు సుఖమనుకున్నాను. ముందు కూచుని నేనేం చెయ్యను? ఎదర ఏమీ కనబడదు."

"చూడమన్నానా నిన్ను? కూచోమంటున్నాను."

లైల్ వ్యాన్ పక్కనే చెయ్యి ఆన్చుకుంటూ నడిచాడు. పక్క తలుపు దాటాడు. ముందు తలుపు పిడి దొరకబుచ్చుకుని, ఎక్కి కూర్చుని, బెల్టు లాక్కున్నాడు. గ్లెనిస్ అటు చుట్టి తన సీటులో కూర్చుంది. తాళం తిప్పలేదు, ఊరికే కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి పోయాను, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

"లారీ వస్తే చెప్పు," అన్నాడు లైల్. "నేనూ భయపడతా."

గ్లెనిస్ ఒక్కసారిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు? ఆయన తడుముకుని ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

"అవతలి కొసన నన్ను అడగకు గ్లెన్," అన్నాడు. "ఇప్పుడే చెబుతున్నా. పోదాం. ఇంకా ముందుకే పోదాం."