మైకమ్మ చదివిన మోటారు పుస్తకం

మా పెద్దమ్మను చుట్టాలెవరూ అసలు పేరుతో పిలవరు. అందరికీ ఆవిడ మైకమ్మే. బస్టాండులో ప్లాట్‌ఫారాల పైన ఒక చిన్న గాజు గది ఉండేది. అందులో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది బయలుదేరబోతోందో మైకులో చెప్పడం ఆవిడ ఉద్యోగం. గదిలో ఫ్యాను ఉండేది గానీ వేసుకునే యోగం లేదు. వేస్తే దాని రొద మైకులోకి వచ్చేసేది. ఉద్యోగమంతా చెమటలు కక్కుతూనే చేసింది. అయినా గొంతులో ఏనాడూ విసుగు వినిపించలేదు. ఆ విసుగంతా జాగ్రత్తగా దాచి, ఇంటికి తెచ్చి, మా నెత్తిన కుమ్మరించేది.

ఆ ఉద్యోగానికి ఒక పద్ధతి ఉంది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారికి జనం తల ఎత్తుతారు, రెండోసారికి వింటారు. ఏళ్ల తరబడి అలా చెప్పి చెప్పి ఆవిడకు ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది. "భోజనానికి రండి. భోజనానికి రండి." పెదనాన్న మాట తక్కువ మనిషి. రెండో పిలుపు దాకా కదిలేవాడు కాదు. "మొదటిదానికే వచ్చేస్తే రెండోది వృథా అయిపోతుంది కదా పాపం" అనేవాడు. ఆవిడ తిట్టేది. తిట్టు కూడా రెండుసార్లే.

అణకువ అనేది ఆవిడ ఒంట్లో లేదు. "నేను నోరు తెరవకపోతే ఈ ఊళ్లో సగం మంది ఇంకా బస్టాండులోనే కూర్చుని ఉండేవాళ్లు" అని నలుగురిలో ధీమాగా చెప్పుకునేది. అవి గొప్పలని ఎవరికైనా అనిపించినా, ఎదురు చెప్పే గుండె ఎవరికుంది?

అలాంటి మనిషి నోరు ఒక మిషను మూయించింది. బస్టాండులో రికార్డు చేసిన గొంతు పెట్టి, ఆవిడను పార్శిళ్ల గదికి పంపేశారు. ఆ మిషను గొంతు వింటే నాకే ఒళ్లు మండేది. ఊరి పేరు ఒక చోట, అంకె ఇంకో చోట, మధ్యలో ఎవరో గొంతు పిసికినట్టు ఖాళీ. మైకమ్మ కొన్నాళ్లు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, అది తప్పు చెప్పినప్పుడల్లా చేతులు నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని సరిచేసి అరిచింది. పై అధికారి పిలిచి వద్దన్నాడు. ఆ తర్వాత ఉద్యోగం ముగిసింది, ఇంటికొచ్చేసింది. అక్కడే అసలు గండం మొదలైంది. ఆవిడ మాట్లాడటం మానేసింది. భోజనానికి గిన్నె చప్పుడు చేసి పిలిచేది. "ఇల్లు చెవిటిదైపోయిందిరా" అన్నాడు పెదనాన్న నాతో ఒకసారి. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను కాలిపోయిన మోటార్లు బాగుచేస్తాను. మాడిన తీగంతా పీకేసి, మోటారు లోపలి గాడుల్లో కొత్త రాగితీగ చుట్టడం నా పని. మా వీధంతా ఇలాంటి షాపులే. ఏ మోటారుకు ఎంత మందం తీగ, గాడికి ఎన్ని చుట్లు అన్నది ఎవరికీ మొత్తం గుర్తుండదు. దానికి ఒక పాత పుస్తకం ఉంది, నిండా పట్టికలే. మా ఊరి లైబ్రరీలో ఒక్క ప్రతి ఉండేది, బయటికి ఇచ్చేవాళ్లు కాదు. కావాలంటే షాపు మూసి, చేతులకంటిన వార్నిష్ కడుక్కుని, మర్యాదస్తుడి వేషం వేసుకుని వెళ్లి, అరచేతి మీద అంకెలు రాసుకు రావాలి. దారిలో చెమట పట్టిందా, మోటారు మళ్లీ కాలిందన్నమాటే.

అలాంటిది లైబ్రరీ వాళ్లు తమ దగ్గరున్న పాత పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. కార్డు అడగరు, రుసుం అడగరు, నువ్వెవరని అడగరు. ఆ పట్టికల పుస్తకం మొదటిసారి నా ఫోన్‌లో తెరుచుకున్న రోజు నేను షాపులో ఒక్కణ్ణే గట్టిగా ఈల వేశాను. పక్క షాపువాళ్లు నాకు పెళ్లి కుదిరిందనుకున్నారు.

కొన్నాళ్లకు అదే సైటులో ఒక ప్రకటన పెట్టారు. చూపు లేనివాళ్ల కోసం, చదువు రానివాళ్ల కోసం పుస్తకాలను పైకి చదివి ఆడియోగా కూడా పెడతారట. చదివే గొంతులు కావాలట. నేను వెంటనే మైకమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఫోన్‌లో ప్రకటన చదివి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చేసరికి ఉద్యోగానికి కట్టుకునే మంచి చీరలో ఉంది. "పద. పద" అంది. పెదనాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

లైబ్రరీలో ఆడియో విభాగం చూసే మేడమ్ మంచి మనిషే గానీ, ముక్కుసూటి మనిషి. గోడలకు దళసరి గుడ్డ కొట్టిన చిన్న గదిలో మైకమ్మను కూర్చోబెట్టి ఒక ప్రేమకథ చేతికిచ్చింది. తలుపు బయట హెడ్‌ఫోన్ ఒక చెవి మేడమ్‌ది, ఒక చెవి నాది. మొదటి పేజీ ఫర్వాలేదు. రెండో పేజీలో కథానాయకుడు పాపం వణుకుతూ మనసులో మాట చెప్పాడు. "నువ్వు లేకుండా నేను బతకలేను. నువ్వు లేకుండా నేను బతకలేను." అక్కడితో ఆగినా బాగుండేది. అలవాటు కొద్దీ చివర "గమనించగలరు" అని కూడా చేర్చింది. నేను పగలబడి నవ్వాను. మేడమ్ నవ్వలేదు.

"గొంతు బంగారం అమ్మా. కానీ ఇలా చదివితే వినేవాళ్లు పారిపోతారు" అంది. "ఇంకొక్క అవకాశం ఇస్తాను. అప్పుడూ కుదరకపోతే మాత్రం ఇక కుదరదు. ఏమీ అనుకోవద్దు."

మైకమ్మ ఇంటికొచ్చి పంతం పట్టింది. ఒక్కసారే చెప్పడం నేర్చుకోవాలని అద్దం ముందు కూర్చునేది. రెండోసారి పెదవి దాకా వచ్చేదాన్ని పళ్ల బిగువున ఆపేది. అలా ఆపేసరికి గొంతులో జీవం పోయేది. అచ్చం బస్టాండు మిషనులా ఉండేది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడకే తెలిసిపోయింది. "మిషను నన్ను తీసేస్తే బాధపడ్డాను. ఇప్పుడు నేనే మిషన్నయిపోతున్నానురా" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ మేడమ్ మీద కోపమొచ్చింది, ఆ ప్రేమకథ రాసినవాడి మీద ఇంకా కోపమొచ్చింది.

ఆ వారంలోనే మా ఇంటి నీళ్ల మోటారు కాలింది. పెద్దమ్మ వాళ్ల వసారాలో వెలుతురు బాగుంటుందని అక్కడే విప్పుకుని కూర్చున్నాను. ఒక చేత్తో తీగ, ఇంకో చేత్తో మోటారు పట్టుకున్నాను. లైబ్రరీ పుస్తకం ఫోన్‌లో తెరిచి ఉంది గానీ, స్క్రీను ఆరిపోయింది. చేతుల నిండా జిగురు.

"పెద్దమ్మా, ఆ పట్టికలో మూడో వరస కాస్త చదివిపెట్టవా?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. పట్టికను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఆవిడ వీపు నిటారుగా అవడం నేను చూశాను. ఏళ్ల తరబడి చదివింది పట్టికలే కదా, బస్సు పట్టికలు!

"ఇరవైనాలుగు గాడుల మోటారు. తీగ మందం సున్నా పాయింట్ ఆరు. గాడికి నలభై రెండు చుట్లు. ఇరవైనాలుగు గాడుల మోటారు. తీగ మందం సున్నా పాయింట్ ఆరు. గాడికి నలభై రెండు చుట్లు."

మొదటిసారికి నా చెవి అందుకుంది. రెండోసారికి నా చెయ్యి తీగను కొలిచేసింది. నేను తల ఎత్తలేదు, మళ్లీ అడగలేదు, ఎక్కడా ఆగలేదు. మోటారు సగం చుట్టాక గానీ నాకు బుర్ర వెలగలేదు. అప్పుడు తీగ వదిలేసి ఆవిడ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"పెద్దమ్మా, నీ రెండో అవకాశం దీనికి వాడు. ఈ పుస్తకానికి!"

మేడమ్ ససేమిరా అంది. "పట్టికల పుస్తకం ఎవరు వింటారు? మా దగ్గర చదివేవాళ్లెవరూ వాటి జోలికే పోరు. ఫోన్‌లో చదివిపెట్టే యాప్‌కి ఇస్తే వరసలన్నీ కలగాపులగం చేసింది. పైగా పుస్తకంలో ఒక్కసారే ఉన్నది మీరు రెండుసార్లు ఎలా చదువుతారు?"

మైకమ్మ ఈసారి తలవంచలేదు. "ప్రేమకథ వినేవాడు పడుకుని వింటాడు మేడమ్. ఇది వినేవాడు చేతులతో వింటాడు. చేతులకు ఒక్కసారి చాలదు. చేతులకు ఒక్కసారి చాలదు."

మేడమ్ గుడ్డ కొట్టిన గది తలుపు తెరిచింది. "సరే. కానివ్వండి. నెలాఖరు దాకా పెడతాను. వినేవాళ్లు లేకపోతే తీసేస్తాను. మిమ్మల్ని కూడా."

పుస్తకం పూర్తయ్యేసరికి మైకమ్మ గొంతు బొంగురుపోయింది, కళ్లు మాత్రం మెరిశాయి. సైటులో ఆ పుస్తకం పక్కన 'వినండి' అని ఒక గుర్తు వచ్చింది. నేను చుట్టాలందరితో నొక్కించబోతే నా మీద నిప్పులు చెరిగింది. "దొంగ ఓట్లు వేయిస్తావురా? ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. ఎవరికీ చెప్పడానికి వీల్లేదు." నేను ఒట్టు వేశాను. మా వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు ఎంత కష్టమో ఆ వీధికి తెలుసు.

నెలాఖరు వచ్చింది. లైబ్రరీకి కలిసి వెళ్దామని పొద్దున్నే మైకమ్మ, పెదనాన్న నా షాపుకు బయలుదేరారు. నేను వీధి మొదట్లోనే ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఏం జరగబోతోందో నాకు తెలుసు, కావాలనే నోరు మెదపలేదు.

ఆవిడ మొదటి షాపు ముందుకు రాగానే ఆగిపోయింది. లోపల ఒకడు నూనె డబ్బాకు ఫోన్ ఆనించి తీగ చుట్టుకుంటున్నాడు. ఫోన్‌లోంచి ఆవిడ గొంతు చెప్పింది: "ముప్పై ఆరు గాడుల మోటారు." పక్క షాపులో అదే గొంతు వార్నిష్ ఎంతసేపు ఆరాలో చెబుతోంది. ఎదురుగా మోటారు మీద కప్పే రేకు మూత సాగగొడుతూ ఇంకొకడు వింటున్నాడు. ఎవరి పేజీ వాళ్లది, ఎవరి వరస వాళ్లది. వీధంతా ఆవిడే మాట్లాడుతోంది. నెలరోజుల్లో వీళ్లెవరికీ ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకం కోసం రోజూ సైటు తెరిచేవాళ్లే కదా, 'వినండి' అని కనిపిస్తే నొక్కారు. అంతే.

మైకమ్మ చెయ్యి పెదనాన్న భుజాన్ని వెతుక్కుంది.

వీధి మధ్యలో మా మేస్త్రీ షాపు. నాకు పని నేర్పిన గురువు ఆయన. చూపు మెల్లమెల్లగా పూర్తిగా పోయాక, తలుపుకు తాళం వేసి ఇంట్లో కూర్చుండిపోయాడు. "చేతులు పనిచేస్తాయిరా, అంకెలే కనబడవు" అనేవాడు. ఆ తలుపు ఇవాళ బార్లా తీసి ఉంది. మేస్త్రీ పీట మీద కూర్చుని, వేళ్లతో గాడులు తడుముకుంటూ ఆఖరి తీగ ముడి వేస్తున్నాడు. పక్కన ఫోన్ ఆవిడ గొంతుతో పలుకుతోంది.

"ఎవరమ్మా ఇది చదివింది?" అంటున్నాడు కూతురితో. "పదిసార్లు అడగాల్సిన పని లేకుండా చెబుతోంది."

"నేనేనండీ" అంది మైకమ్మ.

ఆ ఒక్క మాటకే మేస్త్రీ తల తిప్పాడు. చుట్టుపక్కల షాపుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. గొంతును గుర్తుపట్టేశారు. మేస్త్రీ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మోటారుకు కరెంటు ఇచ్చాడు. మోటారు సన్నగా రొద చేస్తూ, ఒక్క తొట్రుపాటు లేకుండా తిరిగింది. వీధి వీధంతా చప్పట్లు. నేను సిగ్గు విడిచి ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఆ గోలలోనే నా ఫోన్ మోగింది. మేడమ్. స్పీకర్ పెట్టాను.

"ఆ పుస్తకం తీసేస్తే జనం నన్నే తీసేసేలా ఉన్నారు బాబూ. పెద్దమ్మగారిని ఎక్కడున్నా రమ్మను. పట్టికలున్న పుస్తకాలు ఇక్కడ ఒక గదినిండా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోనివి."

మైకమ్మ వీధి మధ్యకు వచ్చి నిలబడింది. చీర సర్దుకుంది. మైకు లేదు, అక్కర్లేదు.

"ఏం పుస్తకం కావాలో చెప్పండి. ఏం పుస్తకం కావాలో చెప్పండి."

ఒకడు ఫ్రిజ్ అన్నాడు, ఒకడు బోరు పంపు అన్నాడు, రేకు పనివాడు రేకు కొలతలన్నాడు, మేస్త్రీ కూతురు కుట్టుమిషను అని అరిచింది. ఆవిడ చెయ్యి ఎత్తి, "ఒక్కొక్కరే! ఒక్కొక్కరే! నేను ఎక్కడికీ పోను" అంది.

అందరివీ విని, పెదనాన్న చెయ్యి పట్టుకుని, లైబ్రరీ వైపు నడక మొదలుపెట్టింది. నేను షాపుకు తాళం వేసి వెనకాలే పరిగెత్తాను.