తేలిన మెతుకులు

పెన్ను పట్టుకున్నావా? నేను ఆగకుండా మాట్లాడతాను, నీకు అందినంత రాసుకో.

పుప్పాలగూడలో మన ఎదురు ఫ్లాట్లో కొరియా అమ్మాయి ఉంది కదా, పోయిన ఎండాకాలం వాళ్ల అమ్మ వచ్చింది. నా వయసే ఉంటుంది. పెద్ద జబ్బు చేసి లేచిన మనిషి. విమానం దిగిన దగ్గర్నుంచీ కూతురు ఏం వండినా ఒక చెంచా తిని పక్కన పెట్టేసేది. చెంపలు లోపలికి పోయాయి. ఒకరోజు ఆ అమ్మాయి మన గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో ఏదో చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నువ్వే కదా నాకు తెలుగులో చెప్పావు.

"అవ్వా, వాళ్ల దేశంలో అన్నంతో తియ్యటి పానకం చేస్తారంట. షిక్కే అంటారంట. వాళ్లమ్మ అదొక్కటే అడుగుతా ఉందంట. దానికి మొలకెత్తిన బార్లీ పిండి కావాలంట, ఇక్కడెక్కడా దొరకట్లేదంట."

"మొలకల పిండేనా? నీకు పళ్లు రాకముందు రాగి మొలకల పిండి ఎవరు చేసి పెట్టినారనుకున్నావే? ఏడవొద్దని చెప్పు ఆ పిల్లకి."

కిరాణా కొట్లో దొరికే బార్లీ పొట్టు తీసినది, అది మొలకెత్తదు. మదీనాగూడలో పూజాసామాన్ల కొట్టుకి పోయి పొట్టుతో ఉన్న బార్లీ, అదే యవలు, అడిగాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మా, గివి హోమంల ఏసేటియి. తినేటియి కావు."

"ముందు మొలకెత్తనీ నాయనా. హోమమో ఫలహారమో తర్వాత చూసుకుంటాంలే."

నానబోసి గుడ్డలో మూట కట్టాను. మొలకలు బాగా వచ్చాయి. ఆరబెట్టి, చెయ్యి అలవాటు కొద్దీ మూకుడులో వేసి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాను. రాగులకి మనం చేసేది అదే కదా. పిండి పట్టి, నీళ్లలో పిసికి, వడగట్టి, తేరిన నీళ్లని ఆ అమ్మాయి చెప్పినట్టే కుక్కర్లో ఉన్న అన్నం మీద పోసి వెచ్చగా పెట్టాం. మెతుకులు పైకి తేలితే అయినట్టట. సాయంత్రం మూత తీస్తే ఒక్క మెతుకూ తేలలేదు. నోట్లో వేసుకుంటే గంజి. ఎదురుచూస్తూ మన వంటింట్లో కుర్చీలో కూర్చున్న ఆ పెద్దామె ముఖం చూడలేకపోయాను.

ఆమె లేచి వచ్చి పిండి వాసన చూసింది. నా మణికట్టు పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కెళ్లి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అక్కణ్నుంచి బాల్కనీకి తీసుకెళ్లి ఎండ చూపించింది.

"వేయిస్తే మొలకలో ఉండేది చచ్చిపోతుందంట అవ్వా," అన్నావు నువ్వు, ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది విని.

"ఏముంటాదే మొలకలో?"

నీకూ తెలీదు. మనం రాగి జావలో బెల్లం వేస్తాం, ఇక ఆ మొలక తన పని చేసిందో లేదో ఎవరు చూశారు?

మళ్లీ యవలు, మళ్లీ మూట. ఈసారి ఎండ ఒక్కటే. ఆ పెద్దామె రోజూ వచ్చి నాతో పాటు బాల్కనీలో కూర్చుని మొలకలు తిరగేసేది. అవతల టవర్లకి అద్దాలు తళతళలాడుతుంటే ఇద్దరం కొంగో టవలో నెత్తిన వేసుకుని కూర్చునేవాళ్లం. "ఇదేం ఎండ, మా అనంతపురం వచ్చి చూడు," అని నేనంటే, ఆమె తన భాషలో అంతకంటే పొడుగ్గా ఏదో చెప్పేది. ఆమె ఏ ఊరి ఎండ గురించి చెప్పిందో ఏమో.

రెండోసారి మూత తీసినప్పుడు నువ్వు కూడా ఉన్నావు. ముందు ఒక్క మెతుకు పైకి వచ్చింది. తెల్లగా, దూదిలా. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అక్కడో మెతుకు ఇక్కడో మెతుకు, అడుగు నుంచి ఎవరో వేలితో తోసినట్టు తేలాయి. ఇన్నేళ్లు అన్నం వండిన దాన్ని, మెతుకు అలా తనంతట తాను లేచి రావడం నేనెప్పుడూ చూడలేదు. గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాను.

"చక్కెర ఎవరేసినారే?"

"ఎవరూ వేయలేదవ్వా!"

బియ్యం అదే, నీళ్లు అవే. ఎండలో ఎండిన మొలక తప్ప అందులో ఏమీ లేదు. ఈ తీపి ఇన్నాళ్లూ ఆ గింజలో ఎక్కడ దాక్కుందో! పెద్దామెకి దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేసింది.

అల్లం ముక్కలు వేసి మరిగించి, చల్లార్చి, మన స్టీలు గ్లాసులో పోసి ఇచ్చాను. ఆ అమ్మాయి తల్లి గొంతు వైపే చూస్తోంది. ఆమె ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. అడుగున మిగిలిన మెతుకుల్ని చెంచాతో గీరి తిని, గ్లాసు కింద పెట్టి ఏదో గట్టిగా అంది. కూతురు నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"ఏమంటాంది?" అన్నాను.

"అల్లం ఎక్కువేశావంట అవ్వా."

నేను నోరు తెరిచేలోపే ఆమె ఖాళీ గ్లాసు మళ్లీ నా ముందుకి చాపింది.