నాయిన వంతు బెల్లం

నేను చెప్పే వాటిలో సగం కోతలేనని భవాని పేట్‌లో కుక్కలకు కూడా తెలుసు. ఇది మాత్రం రెండో సగంలోది.

పందొమ్మిదివందల యాభైల్లో, నాకు నలభై ఏళ్లు దాటిన కొత్తలో, ఎడమ కాలి బొటనవేలి కింద పుండు లేచింది. గుంటమగ్గం మీద కూర్చుంటే కాళ్లు గుంటలో ఉంటాయి కదా, తొక్కుడు చెక్క ఒరుసుకుందనుకున్నాను. నెల దాటినా మానలేదు. ఒకరోజు గుంటలోకి చూస్తే చీమల బారు. కుడి కాలి జోలికి పోలేదు. ఎడమ కాలి కట్టు దగ్గరికే వచ్చి ఆగాయి, పిలిస్తే వచ్చిన చుట్టాల్లా.

కొంతం చౌక్ వైద్యుడు కట్టు విప్పి, నా మొహంలోకి చూశాడు.

"మీ నాయినకు గూడ ఇదే కాలు గద?"

"అవు."

"తీపి బంద్ చెయ్యి. లేకుంటే నీ కాలు సుత తీసేస్తరు. ఒంటి కాలుతోని మగ్గమెట్ల నడుస్తది?"

మా నాయన కాలు ఆ జబ్బుతోనే పోయింది. కాలు వెనకే ఆయనా పోయాడు. ఆయన మగ్గం నా మగ్గం పక్కనే, పోగు లేకుండా, గుంట మీద పలక కప్పి ఉండేది. చీమలు ఆ పలక కిందినుంచే వస్తున్నాయని ఇంటికొచ్చాక గమనించాను.

తీపి మానేశానని భార్యకు ఒట్టు వేశాను. ఆమె చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్లిన ప్రతి మధ్యాహ్నం బెల్లం కుండలో చెయ్యి పెట్టాను. పదిరోజులకు దొరికాను.

"ఏందయ్యా, కుండ ఖాళీ అయితున్నది?"

"నాయిన వస్తున్నడే. పగటీలి, నువ్వు లేనప్పుడు. ఆ పలక మీద కూసుని బెల్లమడుగుతడు. కన్నతండ్రికి లేదనాల్నా?"

"ఖరే చెప్పు."

"మార్కండేయుని మీద ఒట్టు."

కులదైవం పేరెత్తితే ఆమె ఇక అడగదని తెలుసు. అడగలేదు. చేతిలో బీడీల చాట పక్కన పెట్టి, "దొంగతనంగ ఎందుకు? నేనే పెడ్త," అంది.

మర్నాడు బెల్లం కుండను పెట్టెలో పెట్టి తాళం వేసింది. నిమ్మకాయంత ముక్క మాత్రం ఆకులో పెట్టి నాయన పలక మీద ఉంచింది.

"ఇది మామది. నువ్వు ముట్టకు. పోయినోళ్ల వంతు తింటే వాళ్ల ఎంబడి పోవుడే."

నవ్వొచ్చింది. ఆమె గడప దాటాక కాసేపు నేసి, మెల్లగా చెయ్యి చాచాను. ముక్క అప్పటికే కొరికి ఉంది. పళ్ల గుర్తుల నడుమ ఒక పన్ను వెడల్పున బెల్లం తెగకుండా నిలబడి ఉంది. మా నాయనకు ముందు పన్ను ఒకటి లేదు. నాకన్నీ ఉన్నాయి. సాయంత్రం భార్య నవ్వినప్పుడు లెక్కపెట్టాను, ఆమెకూ ఉన్నాయి.

అప్పటిదాకా నా ఒట్లు నోటివే. మర్నాటి నుంచి మగ్గం ఎక్కే ముందు మార్కండేయుడి పటానికి మొక్కి, "పగటి బువ్వ దాకా ఓపికియ్యి, పగటికి మళ్ల అడుగుత," అనేవాడిని. పెద్ద మొక్కు మొక్కే ధైర్యం లేదు మరి. చాయ్‌లో తీపి సగం చేశాను, తర్వాత సగంలో సగం. నాలుక పీకినప్పుడు నాలుగు పుట్నాలు నోట్లో వేసుకుని, మగ్గం మీద అటూ ఇటూ పోగు మోసే నాడె యాభైసార్లు ఆడేదాకా పలక వైపు చూడనని పెట్టుకున్నాను. యాభైకి కోరిక పోకపోతే ఇంకో యాభై. చద్దర్లు నేను ఎక్కువ నేసింది ఆ రోజుల్లోనే.

ఒక్కటే ఇబ్బంది. యాభై అయి నేను కాళ్లు ఆపాక, పక్క గుంటలో చెక్క ఒక్కసారి తొక్కిన చప్పుడు వచ్చేది. యాభై ఒకటి.

మూడు నెలలకు పుండు ఎండింది. చీమల బారు తెగిపోయింది. ఆ మధ్యాహ్నం పలక మీద చూస్తే శనగగింజంత బెల్లం ఉంది.

"ఇంతేనానే మీ మామకు?" అన్నాను, ఆమె రాగానే.

"రోజింత తక్కువ చేసుకుంట వచ్చిన. ఆయనకు సుత అదే బిమారి గద. ఒక్కసారే బంద్ చేస్తే తట్టుకుంటడా?"

కాలు దక్కిందన్న సంతోషంలో నిజం చెప్పాలనిపించింది. "అదంత అబద్ధమేనే. అప్పుడు కుండల బెల్లం తిన్నది నేనే."

"అప్పుడు నువ్వే, నాకెరుకే," అంది. గొంతు తగ్గించింది. "మరి ఇన్నొద్దులు పలక మీది ముక్క ఎవరు తిన్నరు?"

ఇద్దరం పలక వైపు చూశాం. ఆ గింజంత ముక్కను పొద్దున్నుంచి ఎవరూ ముట్టలేదు. చీమ కూడా పట్టలేదు.

"ఆయనకు సుత నయమైంది," అని ఆమె ఆకు తీసేసి పలక తుడిచింది.

నేను గుంటలో కాళ్లు పెట్టి యాభైసార్లు నాడె ఆడించి ఆగాను. పక్క గుంటలో చప్పుడు లేదు. ఎందుకో తెలియదు గానీ, ఆ యాభై ఒకటోది కూడా నేనే ఆడించాను.