ట్రాఫికింగ్ చేసే పెళ్లికొడుకు

ఒక్క ‘ఇంగ్’ వల్ల పెళ్లిచూపుల్లోంచి నేరుగా పోలీసు జీపెక్కబోయిన మగాణ్ని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుంటే గోదావరిఖని రండి. నేనే ఆ మహానుభావుణ్ని.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌ని. ఆదివారాలు మాత్రం చౌరస్తాలో విజిల్ పట్టుకుని ట్రాఫిక్ పోలీసులకు సాయం చేసేవాణ్ని. నేను చెయ్యెత్తితే బొగ్గు లారీలు కూడా బుద్ధిగా ఆగిపోయేవి. ఆ గర్వం ఎంత ముదిరిందంటే, ఇంట్లో అమ్మ కూర వడ్డిస్తున్నా అరచెయ్యి నిలువుగా పెట్టి ఆపేవాణ్ని.

మా బాపుతో, అంటే నాన్నతో కలిసి నస్పూర్‌కు పెళ్లిచూపులకు వెళ్లాను. అమ్మాయి పేరు శ్రావణి. ఆమె మేనమామ ఇంగ్లిషు టీచరని ముందే తెలిసింది. దాంతో నాలో ఏళ్లుగా నిద్రపోతున్న ఇంగ్లిషు లేచి కూర్చుంది.

“ఆదివారం ఏం జేస్తవు బాబూ?” అన్నాడాయన.

“ట్రాఫికింగ్ సార్!”

ఆయన చేతిలోని చాయ్ కప్పు గాల్లోనే ఆగింది. నా ఇంగ్లిషు మహిమ అనుకున్నాను.

“ఏందీ?”

“ట్రాఫికింగ్ సార్. రెండేండ్ల సంది. ఎక్కువ ఆడోళ్లు, చిన్నపిల్లలు.”

“ఎక్కడికి పంపుతవు?”

“ఈ పక్కకెళ్లి ఆ పక్కకు సార్. కొందరు భయపడి రామంటరు. చెయ్యి పట్టుకొని గుంజుకపోత.”

“పోలీసులకు ఎర్కేనా?”

“వాళ్లే నేర్పిన్రు సార్! మొన్న శాలువ గూడ కప్పిన్రు.”

ఇంగ్లిషు ముక్క రాని మా బాపు ఇక ఉండబట్టలేకపోయాడు. “మా ఖాన్‌దాన్‌ల గిసొంటి పని చేసెటోడు వీడే మొదలు సార్. రిటైరైనంక నేను గూడ వీనితోనే దిగుదామనుకుంటున్న.”

మేనమామ మెల్లగా లేచాడు. “కూసోండ్రి, ఇప్పుడే వస్త” అని బయటికెళ్లి తలుపుకు గొళ్లెం పెట్టాడు.

“చూసినవా బిడ్డా, ఎంత మర్యాదనో! మనం తినకుండ పోతమేమోనని గొళ్లెం పెట్టిండు” అని బాపు మురిసిపోయాడు.

ఇంతలో బయటి నుంచి ఫోన్ మాటలు వినబడ్డాయి. “సార్, జల్ది రావాలె. ఇద్దరున్నరు. తండ్రీకొడుకులే!”

నేను లేచి తలుపు లాగి చూశాను, రాలేదు. అప్పుడు లోపలి గుమ్మంలోంచి శ్రావణి అడిగింది. “ఏమండీ, ఆ పని చేసేటప్పుడు చేతుల ఏముంటది?”

“విజిల్ అక్కా!”

అవును, అక్కా అన్నాను. పెళ్లిచూపుల్లో. పెళ్లికూతుర్ని. మీరు నవ్వండి, నాకు అలవాటే.

ఆమె గోడ పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కిటికీలోంచి కేకేసింది. “మామా, ఫోన్ పెట్టెయ్యి! ఈయన మనుషులను అమ్ముతలేడు, రోడ్డు దాటిస్తుండు!”

పోలీసులకు క్షమాపణ చెప్పి, గొళ్లెం తీసి వచ్చిన మేనమామ పాఠం అందుకున్నాడు. “ట్రాఫిక్ అంటే బండ్ల రాకపోకలు. ట్రాఫికింగ్ అంటే దొంగ యాపారం. మత్తుమందులు అమ్ముడు, మనుషులను అమ్ముడు! నువ్వు చేసేది ట్రాఫిక్ కంట్రోల్. ఏదీ, పదిసార్లు అను.”

అన్నాను. ఎందుకైనా మంచిదని బాపు కూడా అన్నాడు.

చివరికి అబ్బాయి నచ్చాడా అని అమ్మాయినడిగారు. “ఇంత నవ్విచ్చినోడు మళ్ల దొర్కుతడా మామా?” అంది శ్రావణి.

కనుక పాఠక మహాశయులారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఇంగ్లిషు మాటకైనా తోక తగిలించాల్సి వస్తే, ముందుగా మా ఆవిడ రాతపూర్వక అనుమతి తీసుకుంటాను.