నేను చదివిన వార్త

కరోనా వచ్చిన ఏడు నాకు డిగ్రీ అయిపోయింది. దంతాలపల్లి దగ్గర మా ఊరి నుంచి మహబూబాబాద్‌కు స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు పోతుంటి. బస్సులు బందైనంక క్లాసులు ఫోన్ల మొదలైనయి.

అందరి నోట్ల కరోనానే ఉన్నది కాబట్టి గా వార్తలతోటే ఇంగ్లీషు నేర్పిస్తనన్నడు మా సారు. క్వారంటైన్, సర్జ్, డెత్ టోల్. రోజుకు పది మాటలు. ఎవరు చచ్చిపోయిన్రన్నది మాకు పట్టలె. చచ్చిపోయిండని చెప్పే 'సక్కంబ్డ్' ల 'బ' పలకాల్నా వద్దా అన్నదే పెద్ద సంగతి. ఒకనాడు, ఏదో దేశంల దవాఖాన ముంగట శవాలు వరుసపెట్టిన వార్త చదివే వంతు నాకొచ్చింది. "బాగ చదువుతున్నవమ్మా. జర నవ్వుకుంట చదువు, మొఖం కళగ ఉండాలె," అన్నడు సారు. నవ్విన.

తర్వాత ఎవరి ఊరి వార్త వాళ్లే ఇంగ్లీషుల రాసి, చదివి, వీడియో పంపాలన్నడు. బాగుంటే తన ఛానల్ల పెడతనన్నడు. అదే వారం మా వాడకట్టు అక్క ఒకామె బొంబాయి నుంచి లారీలు మారుకుంట వచ్చింది. ఆడ బిల్డింగు పనికి పోయిన మనిషి. ఊరోళ్లు ఇంటికి రానియ్యక సర్కారు బడిల ఉంచిన్రు. నాకు వార్త దొరికింది. ముంబై నుంచి వచ్చిన మహిళకు వైరస్ ఉన్నట్టు అనుమానమని రాసిన. ఆమెకు దగ్గు గూడ లేదు. ఆ రోజు నేర్చుకున్న 'సస్పెక్టెడ్' ఎక్కడన్న వాడాలని నేనే కల్పించిన. సారు దిద్ది, 'సూపర్ స్ప్రెడర్' అని చేర్చిండు. అద్దం ముంగట పదిసార్లు చదివి వీడియో తీసిన.

సారు దాన్ని ఛానల్ల పెట్టిండు, రెండు రోజులల్ల అది ఊరి వాట్సాప్ గ్రూపులకొచ్చింది. పేరు చెప్పకున్నా అందరికి ఎరుకే. ఇంగ్లీషు రానోళ్లకు గూడ ఆ ఒక్క మాట నోటికొచ్చింది. పెద్ద పెద్దోళ్లే బడి గేటు కాడ నిలబడి "ఏమే స్ప్రెడరూ" అని పిలిచిన్రు. ఆమెకు అన్నం తీసుకపోయే తల్లిని బోరింగు కాడికి రానియ్యలె.

టెస్టు చేస్తే నెగెటివ్ వచ్చింది. సారుకు ఫోన్ చేసిన.

"సార్, ఆమెకు ఏం లేదట. ఆ వీడియో తీసెయ్యిన్రి."

"మంచిగ చూస్తున్నరమ్మా, తీసుడెందుకు?"

"పోనీ, నెగెటివ్ వచ్చిందని ఇంకోటి పెడదం."

"అండ్ల వార్త ఏమున్నది?"

నెగెటివ్ వచ్చిందని నేనే ఇంగ్లీషుల ఇంకో వీడియో చేసి ఊరి గ్రూపుల పెట్టిన. ఒక్కాయన జవాబిచ్చిండు, రెండో వాక్యంల గ్రామర్ తప్పున్నదని.

పద్నాలుగు రోజులైనంక అక్క ఇంటికొచ్చింది. ఆ వార్త రాసింది నేనేనని పోయి చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతున్నది. చాట ఆపలె.

"గా మాటకు అర్థమేందే?"

"రోగం అందరికి అంటిచ్చెటోళ్లని, అక్కా."

"నేనెవరికి అంటిచ్చిన?"

ఆమె రాళ్లేరుకుంట మళ్ల నా దిక్కు చూడలె.

నెల తిరగకముందే తల్లిని తీసుకొని భూపాలపల్లి దిక్కు చెల్లె ఇంటికి పోయింది. నేను క్లాసు మానేసిన గాని, నేర్చుకున్నది పోలె. ఇంటర్వ్యూల అదే పనికొచ్చింది, జనగామల ఆఫీసు ఉద్యోగం దొరికింది. మీ ఇంగ్లీషు ఎంత మంచిగుంటది, ఎక్కడ నేర్చుకున్నరని మొన్న తోటి ఉద్యోగి ఒకామె అడిగింది. మహబూబాబాద్‌ల అని చెప్పిన. ఆమె ఇంకా మెచ్చుకుంటనే ఉన్నది. నేను లేచి పోయి మొఖం కడుక్కున్న.