మిల్లు గేటు దగ్గర విడిచిన చెప్పులు

నా చిన్నప్పుడు సత్తెనపల్లిలో మా వీధి చివర ఒక పాత జిన్నింగు మిల్లు ఉండేది. పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు. ఎర్ర పెంకుల కప్పు, ఏనుగు పట్టేంత తలుపులు, లోపల తుప్పు పట్టిన యంత్రాలు. నాకు ఊహ తెలిసేసరికే మూతపడింది. మా అమ్మమ్మ నడుం వంగేదాకా అందులోనే పత్తి ఏరే పని చేసింది.

దాన్ని పడగొడుతున్నారని తెలిసి, చివరిసారి చూసొస్తానని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బడిలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్లని.

గేటు దగ్గర చెప్పులు విడిచింది, నన్నూ విడవమంది. గ్యాస్ కట్టర్‌తో ఇనుము కోస్తున్న పనివాడు నవ్వాడు.

"ఏం మామ్మా, ఇదేమన్నా గుడా?"

"ముందు నీ బూటు కింద మేకుందేమో చూసుకో" అంది అమ్మమ్మ.

మేకు నేలరాయికి తగిలి నిప్పురవ్వ లేస్తే మిల్లంతా అంటుకుంటుందని, ఆ రోజుల్లో లోపలికి ఎవరూ చెప్పులతో వెళ్లేవారు కాదట. ఇప్పుడు అక్కడ పత్తే లేదు. అయినా అమ్మమ్మ మెల్లగా, నేలను తడుముతున్నట్టు నడిచింది. మధ్యలో పరిచిన చెక్కబల్లల మీద హఠాత్తుగా ఆగింది. సందుల్లోంచి తెల్లటి నూగు ఆమె కాలివేళ్లకు అంటుకుంది. ఆ బల్లల కింద గుంట ఉందని ఆమెకు తెలుసు, ఇన్నేళ్ల దూది నూగంతా ఇంకా అందులోనే పేరుకుని ఉందని అప్పుడు అర్థమైంది. పనివాడేమో సరిగ్గా ఆ పైనున్న ఇనుప దూలం కోయడానికి నిచ్చెన వేస్తున్నాడు.

"ఈ బల్లల కింద దూది ఉందని నువ్వు పరుగెత్తి మేస్త్రికి చెప్పి రా" అంది.

పరుగెత్తాను. పని చేయిస్తున్న మేస్త్రి గేటు బయట ఫోన్‌లో ఉన్నాడు. ఏం కావాలన్నట్టు నావైపు చూశాడు. నాకు మాట రాలేదు. తల అడ్డంగా ఊపి వెనక్కి వచ్చేశాను.

అమ్మమ్మ నా మొహం చూసింది. తనే పనివాడికి చెప్పింది. పాత మిల్లు మీద ప్రేమ కొద్దీ అంటోందనుకుని వాడు పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. కాళ్లు చాపుకుని ఆ బల్లల మీదే కూర్చుంది.

"కోసుకో నాయనా. రవ్వలు నా మీదే పడనీ."

మేస్త్రి కేకలేస్తూ వచ్చాడు. "ముసల్దాన్ని లోపలికి ఎవడ్రా రానిచ్చింది?" నేను వెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. చివరికి మమ్మల్ని వదిలించుకోవడానికే గడ్డపారతో పక్కనున్న బల్ల ఒకటి లేపారు. కింద మనిషి మునిగేంత నూగు, లోపలికి పోయేకొద్దీ పాత నూనె తాగి నల్లబడి ఉంది. పనివాడు గ్యాస్ కట్టేశాడు.

"ఇలాంటిది ముందే చెప్పొద్దా మామ్మా?" అన్నాడు మేస్త్రి.

"మా మనవరాలు చెప్పడానికేగా నీ దగ్గరికొచ్చింది! నువ్వు ఫోన్ దించితేగా" అంది అమ్మమ్మ.

నేను చెప్పలేదని ఆమెకు తెలుసు. తెలిసే అంది.

మిల్లు మాత్రం దక్కలేదు. గుంట నిండా నీళ్లు కొట్టి, వారం తిరక్కుండా నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు, ఎరువుల కొట్టు ఉన్నాయి. అమ్మమ్మ లేదు. ఆఫీసులో అనలేకపోయిన మాటల్ని ఇంటికొచ్చి డైరీలో రాసుకోవడంతోనే నా సాయంత్రాలు గడిచిపోతుంటాయి. అలా రాసి రాసి అలసిపోయాను.

నలుగురిలో నాకు ఇప్పటికీ మాట రాదు. తప్పని తెలిసిన కాగితం మీద సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెట్టినప్పుడు వాదించడం చేతకాదు. బల్ల కింద చెప్పులు విడిచి, పాదాలు రెండూ నేలకు ఆనించి, వాళ్లు కాగితం వెనక్కి తీసుకునేదాకా అలాగే కూర్చుంటాను.